ట్రాక్ మీద అరిగిన బ్రేక్ ప్యాడ్లను మార్చడం ఎలా: ముందు పాతవాటిని పరీక్షించండి

గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న 1400 కిలోల కారును పూర్తిగా ఆపాలంటే బ్రేకులు సుమారు 5.4 లక్షల జౌళ్ల శక్తిని వేడిగా మార్చాలి. అదే కారు 200లో ఉంటే ఆ లెక్క 21 లక్షలు దాటుతుంది. వేగం రెట్టింపైతే బ్రేకుల మీద భారం నాలుగింతలవుతుంది. రోడ్డు మీద అంత గట్టి బ్రేకు ఎప్పుడో ఒకసారి వేస్తాం. రేస్ ట్రాక్ మీద ప్రతి ల్యాపులోనూ (చుట్టులోనూ), ప్రతి పెద్ద మలుపు ముందూ వేయాల్సిందే. చక్రంతో పాటు తిరుగుతూ, ప్యాడ్లు నొక్కితే ఆగే డిస్కు చల్లారేలోపే తర్వాతి మలుపు ఎదురవుతుంది. ఆ వేడి ప్యాడ్‌ను అరగదీసి ఊరుకోదు. డిస్కు, క్యాలిపర్ (పిస్టన్లతో ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) రబ్బర్లు, బ్రేక్ ఆయిల్ అన్నిటికీ పరీక్ష పెడుతుంది.

అందుకే ఈ పనిలో పానా తిప్పడం సులువైన భాగం. తీసిన ప్యాడ్‌ను చూసి, ఆ బ్రేకులకు ట్రాక్ మీద ఏం జరిగిందో తెలుసుకోవడమే అసలు పని. అది చేయకుండా కొత్తవి బిగిస్తే, పాతవాటిని తినేసిన లోపమే కొత్తవాటినీ తినేస్తుంది.

ఎప్పుడు మార్చాలి

కొత్త ప్యాడ్ మీద రాపిడి పదార్థం సాధారణంగా 10 నుంచి 12 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. రోడ్డు మీద నడిపే కారుకు 3 మిల్లీమీటర్లు మిగిలేదాకా ఆగవచ్చు. ట్రాక్‌కు ఆ లెక్క పనికిరాదు. డిస్కు దగ్గర పుట్టిన వేడి పిస్టన్‌కు చేరకుండా అడ్డుగా ఉండేది ఆ పదార్థమే. అది పలచబడేకొద్దీ వేడి వెనక ఉన్న ఇనుప పలకకు, దాని నుంచి పిస్టన్‌కు, అక్కడి నుంచి బ్రేక్ ఆయిల్‌కు త్వరగా పాకుతుంది. పైగా పలచని ప్యాడ్ వేడెక్కేకొద్దీ ఇంకా వేగంగా అరుగుతుంది. ఉదయం 5 మిల్లీమీటర్లు ఉన్న ప్యాడ్ సాయంత్రానికి ఇనుము చూపించడం అసాధ్యమేమీ కాదు. సగం అరిగాక దాన్ని మళ్లీ ట్రాక్‌కు తీసుకెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం. రోడ్డుకు సరిపడే రకమైతే, మిగిలిన సగాన్ని రోడ్డు మీద వాడుకోవచ్చు.

మందంతో పాటు పెడల్ ఎలా ప్రవర్తించిందో గుర్తు చేసుకోండి. కొనే ముందు తేల్చుకోవాల్సిన ముఖ్యమైన విషయం ఇదే. పెడల్ గట్టిగానే ఉండి, ఎంత తొక్కినా కారు ఆగనంటే ప్యాడ్ తన శక్తికి మించి వేడెక్కినట్టు. అప్పుడు ఎక్కువ వేడిని తట్టుకునే రకం ప్యాడ్ కావాలి. పెడల్ మెత్తబడి, స్పాంజిలా అణిగి, కిందికి దిగిపోయిందంటే బ్రేక్ ఆయిల్ మరిగి అందులో ఆవిరి బుడగలు పుట్టినట్టు. ఆయిల్‌ను ఒత్తిడితో అణచలేం కానీ ఆవిరిని అణచగలం. కాలి బలమంతా ఆ బుడగలను నలపడానికే పోతుంది. ఈ రెండో జబ్బుకు ఎంత ఖరీదైన ప్యాడ్ తెచ్చినా ప్రయోజనం లేదు. ఆయిల్ మార్చాలి.

ఏ ప్యాడ్ కొనాలి

రోడ్డు ప్యాడ్ చల్లగా ఉన్నప్పుడే పట్టుకుంటుంది, చప్పుడు చేయదు, వేడి బాగా పెరిగితే చేతులెత్తేస్తుంది. పూర్తి ట్రాక్ ప్యాడ్ దీనికి తారుమారు. చాలా వేడిలోనూ పట్టు వదలదు గానీ, చల్లగా ఉన్నప్పుడు మొదటి బ్రేకుకు సరిగా పట్టదు, కీచుమంటుంది, డిస్కును కూడా తొందరగా తినేస్తుంది. ట్రాక్ ప్యాడ్లతో ఇంటికి నడిపి వెళ్లాల్సి వస్తే, తెల్లవారుజామున మొదటి కూడలిలో కారు మీరు అనుకున్న దానికన్నా ఆలస్యంగా ఆగుతుంది. రెండు పనులకూ ఒకే ప్యాడ్ వాడతానంటే మధ్యరకం తీసుకోండి. అయితే పెద్ద ఇంజిన్, ఎక్కువ బరువు ఉన్న కార్లకు ఆ రాజీ ఎక్కువకాలం నిలవదు. అలాంటి కార్లకు రెండు జతలు ఉంచుకుని, ట్రాక్‌కు వెళ్లే ముందు ఒకటి, వచ్చాక మరొకటి వేసుకోవడమే నేను సమర్థించే పద్ధతి.

ఒక ఇరుసుకు ఉన్న రెండు చక్రాలకూ కలిపే మార్చాలి. ముందూ వెనకా పట్టు బాగా తేడాగా ఉండే రకాలను కలపకండి. ముఖ్యంగా వెనక ప్యాడ్లు ముందువాటికన్నా గట్టిగా పట్టుకునేవైతే, బ్రేకు వేయగానే కారు తోక తిరిగే ప్రమాదం ఉంది. మీ డిస్కులు కార్బన్ సిరామిక్‌వైతే వాటికోసం చేసిన ప్యాడ్లే వాడాలి. ఇనుప డిస్కుల ప్యాడ్లు వాటిని పాడుచేస్తాయి.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

జాకీ, రెండు గట్టి స్టాండులు, చక్రాలకు అడ్డుపెట్టే దిమ్మెలు, టార్క్ రెంచ్ (బిగింపు బలాన్ని, అంటే టార్క్‌ను, కొలిచే పానా), పిన్నులు కొట్టడానికి సన్నని కడ్డీ, చిన్న సుత్తి, పిస్టన్లు వెనక్కి నెట్టే సాధనం, బ్రేక్ క్లీనర్, మెత్తని బ్రష్షు, వైరు ముక్క, మైక్రోమీటర్, రబ్బరుకు హాని చేయని సిలికాన్ గ్రీజు, బ్రేకులకు వాడే సిరామిక్ గ్రీజు, చేతి తొడుగులు, మాస్కు. మీ కారు సర్వీస్ పుస్తకం కూడా పక్కనే ఉండాలి. బోల్టుల టార్క్ విలువలు అందులోనే దొరుకుతాయి, వాటికి ఊహ పనికిరాదు.

కారు పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టండి. క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనర్ బాగా వేడెక్కిన లోహం మీద పడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టగలదు. బ్రేకు దుమ్మును గాలి కొట్టి ఎగరగొట్టకండి. క్లీనర్‌తో తడిపి, గుడ్డతో తుడిచేయండి.

కారును ఎత్తడం

సమతలమైన గట్టి నేల మీద నిలిపి, ఎత్తని చక్రాలకు దిమ్మెలు పెట్టండి. చక్రం నేల మీద ఉండగానే నట్లను కొద్దిగా వదులు చేయండి. జాకీతో ఎత్తాక, తయారీదారు చూపించిన చోటే స్టాండులు పెట్టి కారు బరువును వాటి మీదికి దించండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి చేయి లోపల పెట్టవద్దు, ఎంత చిన్న పనికైనా.

ప్యాడ్ తీయడం

ముందుగా బానెట్ తెరిచి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. పిస్టన్లను వెనక్కి నెట్టినప్పుడు ఆయిల్ ఈ డబ్బాలోకే తిరిగి వస్తుంది. నిండుగా ఉంటే శుభ్రమైన సిరంజీతో కొంత తీసేయండి. పొర్లిన బ్రేక్ ఆయిల్ కారు రంగును తినేస్తుంది. ఎక్కడైనా చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగండి.

ఇక క్యాలిపర్ ఏ రకమో చూడండి. స్పోర్ట్స్ కార్లలో ముందు చక్రాలకు ఎక్కువగా రెండు వైపులా పిస్టన్లు ఉండే స్థిర క్యాలిపర్ ఉంటుంది. వీటిలో చాలావాటికి క్యాలిపర్ విప్పనక్కర్లేదు. ప్యాడ్లను పట్టి ఉంచే పిన్నులకు క్లిప్పు ఉంటే తీసి, కడ్డీతో పిన్నును మెల్లగా కొట్టి బయటికి రప్పించండి. ఆఖరి పిన్ను వచ్చేటప్పుడు స్ప్రింగ్ పలకను బొటనవేలితో నొక్కి పట్టుకోండి, లేదంటే ఎగిరి ముఖానికి తగలవచ్చు. కళ్లద్దాలు పెట్టుకోవాల్సిన క్షణం ఇదే.

ఒక వైపే పిస్టన్ ఉండి, జారే పిన్నుల మీద కదిలే క్యాలిపర్ అయితే, కింది బోల్టు విప్పి పైకి తిప్పితే చాలాసార్లు సరిపోతుంది. మొత్తంగా విప్పాల్సి వస్తే దాన్ని హోస్ పైపుకు వేలాడనివ్వకండి, వైరుతో సస్పెన్షన్ స్ప్రింగ్‌కు కట్టండి. హోస్ లోపల చిరిగితే పైకి కనిపించదు.

వెనక చక్రాల దగ్గర ఒక జాగ్రత్త. ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకు ఉన్న కారును ముందుగా సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. అలా పెట్టకుండా పిస్టన్‌ను బలవంతంగా నెడితే మోటారు యంత్రాంగం పాడవుతుంది. కొన్ని పాత కార్లలో వెనక పిస్టన్‌ను నెట్టకూడదు, తిప్పుతూ లోపలికి పంపాలి. మీ కారు ఏ రకమో పుస్తకంలో చూసి నిర్ధారించుకోండి.

ప్యాడ్ అరుగుదల సెన్సర్ వైరు ఉంటే నెమ్మదిగా ఊడదీయండి. ప్యాడ్‌తో పాటు అదీ అరిగి ఉంటే కొత్తది వేయాలి. తీసిన ప్రతి ప్యాడ్ వెనక అది ఏ చక్రానిదో, లోపలి వైపుదో బయటి వైపుదో మార్కర్‌తో రాయండి. అన్నీ కలిసిపోయాక ఏ ప్యాడ్ ఏ చక్రం సంగతి చెబుతోందో తెలుసుకునే దారి ఉండదు.

పాత ప్యాడ్ చెప్పే సంగతులు

నాలుగు చక్రాల ప్యాడ్లనూ నేల మీద వరుసగా పేర్చండి. ఇక్కడ తొందరపడవద్దు.

ముందుగా ఒకే చక్రం లోపలి ప్యాడ్, బయటి ప్యాడ్ మందాలు పోల్చండి. కదిలే క్యాలిపర్‌లో లోపలిది కొంచెం ఎక్కువ అరగడం మామూలే. ఒకటి సగం ఉండగా రెండోది ఇనుము దాకా వచ్చిందంటే మాత్రం జారే పిన్నులు పట్టేశాయి, లేదా పిస్టన్ వెనక్కి రావడం లేదు. పిన్ను చేతితో లాగితే జారాలి. జారకపోతే తీసి శుభ్రం చేసి, సిలికాన్ గ్రీజు రాసి, రబ్బరు కప్పు చిరిగి ఉంటే మార్చండి. స్థిర క్యాలిపర్‌లో రెండు వైపులా తేడా కనిపిస్తే ఒక వైపు పిస్టన్లు బిగుసుకుంటున్నట్టు అనుమానించాలి.

తర్వాత ఒకే ప్యాడ్ రెండు చివరలూ కొలవండి. డిస్కు తిరుగుతూ ముందుగా ప్యాడ్‌ను తాకే కొన రెండో కొన కన్నా ఎక్కువ అరుగుతుంది. దీన్ని తగ్గించడానికే చాలా రేసింగ్ క్యాలిపర్లలో ఆ వైపు పిస్టన్ చిన్నదిగా, అవతలిది పెద్దదిగా ఉంటుంది. ఆ ఏటవాలు స్వల్పంగా ఉంటే సహజం. 2 మిల్లీమీటర్లు దాటితే ఆ ప్యాడ్‌ను మళ్లీ ట్రాక్‌కు వాడకండి. పెడల్ తొక్కినప్పుడు ఆ ప్యాడ్ డిస్కుకు పూర్తిగా ఆనడానికి వంగాలి. పెడల్ లోతుగా, మెత్తగా అనిపించడానికి అదొక కారణం. ప్యాడ్ డిస్కు బయటి అంచు వైపు మాత్రమే ఎక్కువ అరిగిందంటే, వేడికీ ఒత్తిడికీ క్యాలిపర్ కొద్దిగా విచ్చుకుంటోందేమో చూడాలి.

ఇక రంగు, ఉపరితలం. నున్నగా నిగనిగలాడుతుంటే ఆ ప్యాడ్ తన హద్దు దాటి కాలి గట్టిపడింది. అంచులు బూడిద రంగుకు తిరిగి, గోటితో గీకితే రాలుతుంటే పదార్థాన్ని పట్టి ఉంచే బంధకం కాలిపోయింది. అంత వేడి చూసిన ప్యాడ్ ఎంత మందం మిగిలినా పారేయాల్సిందే. దాన్ని రోడ్డు మీదా వాడకండి. పదార్థంలో అడ్డంగా నెర్రెలు కనిపించినా, ఇనుప పలక నుంచి లేస్తున్నా అంతే.

చివరగా ఎడమ, కుడి పోల్చండి. ఒక వైపు మాత్రమే ఎక్కువ కాలితే బ్రేకును చల్లార్చడానికి గాలి పంపే గొట్టం మూసుకుపోయి ఉండవచ్చు. రబ్బరు ముక్కలు, గడ్డి అందులో చిక్కుకోవడం ట్రాక్ కార్లలో కొత్తేమీ కాదు. వేడి ఎంతదాకా వెళ్తోందో ఊహించడం ఇష్టం లేనివారు డిస్కు అంచుకు ఉష్ణోగ్రత సూచించే రంగులు పూయవచ్చు. సాధారణంగా దొరికే మూడు రంగుల రకంలో ఆకుపచ్చ 430 డిగ్రీల సెల్సియస్ దగ్గర, నారింజ 560 దగ్గర, ఎరుపు 610 దగ్గర మారతాయి. ఎంత వేడికి తట్టుకునే ప్యాడ్ కొనాలో ఆ రంగులే తేల్చిపెడతాయి.

డిస్కును వదిలేయకండి

డిస్కు కనీస మందం దాని మీదే చెక్కి ఉంటుంది. అంచు దగ్గర అరగని కట్ట మిగులుతుంది కాబట్టి వెర్నియర్ తప్పు లెక్క చూపవచ్చు. మైక్రోమీటర్‌తో రాపిడి భాగం మధ్యలో, చుట్టూ నాలుగైదు చోట్ల కొలవండి. కార్బన్ సిరామిక్ డిస్కుల విషయంలో మందం చూస్తే సరిపోదు. వాటి అరుగుదలను బరువుతో తేలుస్తారు, కనీస బరువు డిస్కు మీదే రాసి ఉంటుంది.

ట్రాక్ చూసిన ఇనుప డిస్కు మీద వెంట్రుకవాసి నెర్రెలు రావడం సహజం. నెర్రె గోటికి తగులుతుంటే, బయటి అంచు దాకా పాకితే, లేదా ఒక రంధ్రం నుంచి మరో రంధ్రానికి కలిసిపోతే ఆ డిస్కు పని అయిపోయినట్టే. అలాంటి డిస్కుతో ఇంకో ల్యాపు కూడా వేయకండి.

బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతోందంటే డిస్కు వంకరపోయిందని చాలామంది అనుకుంటారు. ఎక్కువసార్లు డిస్కు వంగి ఉండదు. ప్యాడ్ పదార్థం దాని మీద ఒకచోట మందంగా, మరోచోట పలచగా అంటుకుని ఉంటుంది. వేరే రకం ప్యాడ్ వేస్తున్నప్పుడు కూడా పాత పొర అడ్డువస్తుంది. గరుకు కాగితంతో రెండు వైపులా సమంగా రుద్ది, క్లీనర్‌తో తుడిచి, ఆ పొరను తీసేయండి.

పిస్టన్లను వెనక్కి నెట్టడం

పిస్టన్ చుట్టూ పేరుకున్న మసిని బ్రష్షుతో శుభ్రం చేశాకే నెట్టండి. ఆ మసితో సహా లోపలికి తోస్తే సీలు గీసుకుపోతుంది. రబ్బరు బూటు పెళుసెక్కి, చిట్లి ఉంటే క్యాలిపర్‌ను విప్పి కొత్త రబ్బర్లు వేయించాల్సిన సమయం వచ్చింది.

స్థిర క్యాలిపర్‌లో ఒక పిస్టన్‌ను నెడితే ఇంకొకటి బయటికి పొడుచుకొస్తుంది. అందుకే ఒక వైపు పాత ప్యాడ్‌ను ఉంచి, రెండో వైపు పిస్టన్లన్నిటినీ ఒకేసారి, నెమ్మదిగా నెట్టండి. మధ్యమధ్యలో ఆయిల్ డబ్బా వైపు ఓ కన్నేసి ఉంచండి. మొరాయించే పిస్టన్‌ను పట్టకారుతో గీకి కదిలించకండి.

కొత్తవి పెట్టడం

ప్యాడ్ ఆనే లోహపు అంచులను తీగ బ్రష్షుతో శుభ్రం చేయండి. తుప్పు, మసి పట్టి ఉంటే కొత్త ప్యాడ్ బిగుసుకుని వెనక్కి రాదు. ప్యాడ్ జారే చోట్ల సిరామిక్ గ్రీజును పలచగా, ఒక్క పొరగా రాయండి. రాపిడి ముఖానికి, డిస్కుకు చుక్క కూడా అంటకూడదు. మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది, దాన్ని దగ్గరికి రానివ్వకండి.

కొన్ని ప్యాడ్ల మీద బాణం గుర్తు ఉంటుంది. కారు ముందుకు వెళ్లేటప్పుడు డిస్కు తిరిగే దిశకు అది సరిపోవాలి. లోపలివి, బయటివి వేర్వేరుగా ఉన్నాయేమో కూడా చూడండి. ప్యాడ్ తన చోట చేతితో జరిపితే కదలాలి. కదలకపోతే సుత్తితో దిగ్గొట్టకుండా ఎక్కడ తగులుతోందో వెతకండి. పిన్నులు, స్ప్రింగ్, క్లిప్పులు తుప్పుపట్టినా, వంగినా కొత్తవి వేయండి. క్యాలిపర్ బోల్టులను పుస్తకంలో చెప్పిన టార్క్‌తో బిగించండి. ఒకసారికే వాడాలని చెప్పిన బోల్టు అయితే కొత్తదే వేయాలి.

పెడల్ కిందికి దిగిపోయిన అనుభవం ఉంటే, లేదా ఆయిల్ మార్చి చాలాకాలమైతే, ఇప్పుడే మార్చండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పీల్చేకొద్దీ మరిగే స్థానం పడిపోతుంది. బ్రేక్ ఆయిళ్లకు ఉన్న డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ చేరాక ఆ హద్దు 155. ట్రాక్ కోసం చేసినవి కొత్తగా ఉన్నప్పుడు 300 దాటినా తట్టుకుంటాయి. సిలికాన్‌తో చేసే డాట్ 5ను వీటితో కలపకూడదు. స్థిర క్యాలిపర్‌కు లోపలా బయటా గాలి తీసే నిపిల్స్ రెండు ఉంటే రెండింటి నుంచీ గాలి తీయాలి.

చక్రం బిగించి, కారు దించి, నట్లను టార్క్ రెంచ్‌తో ఎదురెదురుగా బిగించండి. పోర్షా 911 జీటీ3 వంటి కార్లలో మధ్యలో ఒకే నట్టు ఉంటుంది. దానికి 600 న్యూటన్ మీటర్లు కావాలి. మామూలు టార్క్ రెంచ్ అంత దూరం పోదు.

కదిలే ముందు

పిస్టన్లన్నీ ఇప్పుడు వెనక్కి వెళ్లి ఉన్నాయి. ఈ స్థితిలో కారు నడిపితే మొదటి బ్రేకు అసలు పడదు. ఇంజిన్ ఆపి ఉండగానే పెడల్‌ను మెల్లగా, గట్టిపడేదాకా మళ్లీ మళ్లీ తొక్కండి. తర్వాత ఆయిల్ డబ్బా చూసి, తగ్గితే గరిష్ఠ గీత దాటకుండా పోయండి. ఇంజిన్ ఆన్ చేసి మరోసారి తొక్కి చూడండి. ఖాళీ స్థలంలో నడక వేగంతో రెండుమూడుసార్లు ఆపి చూసుకున్నాకే బయటికి తీయండి. ఎంత అలసిపోయినా ఈ ఒక్క మెట్టు దాటవేయకండి.

ప్యాడ్‌ను డిస్కుకు మాలిమి చేయడం

కొత్త ప్యాడ్‌లోని బంధకం మొదటిసారి బాగా వేడెక్కినప్పుడు వాయువులు వదులుతుంది. ప్యాడ్‌కూ డిస్కుకూ మధ్య అవి చేరితే పట్టు ఒక్కసారిగా పోతుంది. ఆ ఘట్టం మీ అదుపులో జరగాలి, పూర్తి వేగంతో మలుపు ముందు కాదు. పైగా ప్యాడ్ పదార్థం డిస్కు మీద పలచని పొరగా సమంగా పరచుకోవాలి. పట్టు చాలావరకు ఆ పొర నుంచే వస్తుంది.

ప్యాడ్ తయారీదారు చెప్పిన పద్ధతి ఉంటే అదే పాటించండి. లేకపోతే రోడ్డు రకాలకు, వెనక వాహనాలు లేని చోట, గంటకు 100 నుంచి 20 కిలోమీటర్లకు ఎనిమిది పదిసార్లు ఓ మోస్తరు గట్టిగా వేగం తగ్గించండి. ఏబీఎస్ (చక్రాలు బిగుసుకోకుండా చూసే వ్యవస్థ) పనిచేసేంత గట్టిగా తొక్కవద్దు, పూర్తిగా ఆపవద్దు. తర్వాత బ్రేకు వీలైనంత తక్కువగా వాడుతూ పది నిమిషాలు నడపండి. వాసన, కొద్దిగా పొగ వస్తే కంగారుపడకండి. ట్రాక్ ప్యాడ్లకు ఇంతకన్నా ఎక్కువ వేడి కావాలి, అది ట్రాక్ మీదే సాధ్యం. మొదటి ల్యాపుల్లో బ్రేకును క్రమంగా గట్టి చేస్తూ వెళ్లి, ఒక చల్లార్చే ల్యాపు వేసి, పిట్‌లో పూర్తిగా చల్లబడనివ్వండి.

వేడి బ్రేకులతో ఆగినప్పుడు పెడల్ తొక్కి పట్టకండి, హ్యాండ్ బ్రేకూ వేయకండి. ప్యాడ్ ఆనిన చోట పదార్థం అచ్చుపడి, స్టీరింగ్ వణుకుకు అక్కడే బీజం పడుతుంది. గేరులో వదిలి, చక్రాలకు దిమ్మెలు పెట్టండి.

మొదటి సెషన్ అయ్యాక చక్రాలు చల్లారనిచ్చి నట్ల టార్క్ మళ్లీ సరిచూడండి. ప్రతి సెషన్ తర్వాతా చక్రం సందులోంచి టార్చ్ వేసి ప్యాడ్ మందం చూసి, తేదీతో, ట్రాక్ పేరుతో, ఎన్ని ల్యాపులు వేశారో కలిపి రాసుకోండి. రెండు మూడు ట్రాక్ రోజుల లెక్కలు చేతికి వస్తే, మీ కారు ఒక్క సెషన్‌కు ఎంత ప్యాడ్ తింటుందో తేలిపోతుంది. తర్వాతి జత ఎప్పుడు కొనాలో, ఏ రోజున కొత్త జత వెంట తీసుకెళ్లాలో ఆ లెక్కను బట్టే నిర్ణయించుకోండి. ఇల్లు చేరాక చక్రాలను వెంటనే కడగండి. ట్రాక్ ప్యాడ్ల దుమ్ములో ఇనుము ఎక్కువ. తేమ తగిలితే తుప్పుపట్టి చక్రాల రంగులోకి దిగుతుంది.